పెద్దక్క పాలగిన్నె

మా కొట్టంలో ఒక వరస ఉండేది. ముందు పెద్దక్కకి పాలు పిండాలి, ఆ తర్వాతే ఇంకెవరికైనా. పాలబండివాడు గేటు దగ్గర హారను మోగించి మోగించి విసిగిపోయినా సరే, పెద్దక్క బకెట్ నిండి పక్కకి జరిగేదాకా మా అత్తయ్య ఇంకో ఆవు దగ్గర ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. పెద్దక్క అంటే మా ఆవు. నల్లటి ఒళ్ళు, ఒక కొమ్ము కాస్త కిందికి వంపు. మామయ్య పోయిన ఏడాది అత్తయ్య ఒక్కతే వెళ్ళి, బేరమాడి, పలుపు చేతపట్టుకుని నడిపించి తెచ్చుకున్న పెయ్య అది. ఇప్పుడు కొట్టంలో ఉన్నవన్నీ దాని కడుపున పుట్టినవో, దాని కూతుళ్ళ కడుపున పుట్టినవో.

"ఇంట్లో పెద్దవాళ్ళుండగా చిన్నవాళ్ళకి ముందు పెడతామా?" అనేది అత్తయ్య.

"మనింట్లో చిన్నవాళ్ళకే కదత్తయ్యా ముందు పెట్టేది?" అన్నాను నేనొకసారి.

"అందుకే నీ కూతురు అలా తయారైంది."

ఆవిడతో నోరు పెట్టుకుని నెగ్గినవాళ్ళని నేను చూడలేదు. నేనూ తక్కువదాన్నేం కాదు. ఈ ఇంట్లో మా ఇద్దరి మధ్యా పడి మా ఆయన మాట్లాడటమే మర్చిపోయాడని చుట్టాలందరూ నవ్వుకుంటారు. వంట దగ్గర, పిల్ల పెంపకం దగ్గర, చివరికి తలుపు గడియ ఎలా వెయ్యాలన్న దగ్గర కూడా మాకు పడేది కాదు. కానీ ఉన్నమాట చెప్పుకోవాలి. పాలు పిండటంలో ఆవిడ చెయ్యే చెయ్యి. తన్నే ఆవు కూడా ఆవిడ పక్కన పీట వేసుకుంటే కాలు కదిపేది కాదు. ఏదో సణుగుతున్నట్టు, పాడుతున్నట్టు గొంతులో ఒక కూనిరాగం తీస్తూ పొదుగు నిమిరేది. చూస్తుండగానే ఆవు చేపేది, పాలు చన్నుల్లోకి దిగేవి. ఈనిన ఆవు పాలు ఇవ్వకుండా బిగబట్టిందంటే చుట్టుపక్కల వాళ్ళు వచ్చి ఆవిడని బతిమాలి తీసుకెళ్ళేవారు. వెళ్ళేటప్పుడు నా వైపొక చూపు చూసేది, "నిన్నెవరైనా పిలిచారా?" అన్నట్టు. ఆ చూపుకి నాకు ఒళ్ళు మండేది.

ఆవిడ పనితనంలో ఇంకో సంగతుంది. పెద్దక్క మొదటి ధారలు బకెట్లోకి పోనిచ్చేది కాదు. చిన్న అల్యూమినియం గిన్నెలో పట్టేది. ఆ గిన్నె చేత్తో పట్టుకునే మిగతా ఆవుల దగ్గరికి వెళ్ళేది. ప్రతి ఆవు దగ్గరా వేళ్ళు ఆ పాలలో ముంచి, చన్నులు తడిపి, అప్పుడు పిండటం మొదలుపెట్టేది. తడి చేతికి చన్ను సులువుగా జారుతుంది, ఆవుకి నొప్పి తెలియదు. అది పైకి చెప్పే కారణం. లోపలి కారణం వేరే ఉంది. పెద్దక్క పాలు తగిలితే మిగతావాటికి కూడా పెద్దక్కకున్నంత పాడి వస్తుందని ఆవిడ నమ్మకం. నాకు పాలు పిండటం నేర్పినప్పుడు నా వేళ్ళు కూడా ఆ గిన్నెలోనే ముంచింది. పిలిచిన ఇళ్ళకి కూడా ఆ గిన్నె పట్టుకునే వెళ్ళేది.

మొదట జబ్బుపడింది చుక్క అనే ఆవు. ఒక పొద్దున క్యాను మూతికి కట్టిన వడకట్టు గుడ్డలో విరిగినట్టు తెల్లటి పలుకులు తేలాయి. పొదుగు ఒక పక్క ఎర్రబడి వేడిగా ఉంది. చెయ్యి వేస్తే చుక్క వెనక్కి తిరిగి నన్ను చూసి మూలిగింది. అది తగ్గకముందే, మేం కోపిష్టిదని పిలిచే ఆవు పడింది. దానికి ఒక చన్ను రాయిలా గట్టిపడి, పిండితే పసుపుపచ్చ నీళ్ళు వచ్చాయి. ఇంకో రెండు ఆవులకి పైకేమీ కనబడలేదు గానీ, బకెట్లు తేలికైపోయాయి. అంచు దాకా నిండే క్యాన్లు బండి ఎక్కిస్తుంటే లోపల పాలు తొణికిన చప్పుడు వినబడసాగింది. పాలకేంద్రంలో పాలు చూసే ఆయన మూత తీసి వాసన చూసి, మా ఆయన మొహం చూసి, క్యాను వెనక్కి నెట్టాడు.

"అన్నా, ఇవి పాలేనా? తెల్లనీళ్ళు తెచ్చావా?"

మా ఆయన ఆ మాట ఇంటికొచ్చి చెప్పలేదు. పక్క కొట్టంవాళ్ళు చెప్పారు.

ఈ కొట్టం తప్ప మాకు ఇంకో ఆధారం లేదు. అత్తయ్యకి అది నాకంటే బాగా తెలుసు. దాణా మార్చింది, మేత మార్చింది, గోరువెచ్చటి నీళ్ళతో కాపడం పెట్టింది. వీటన్నిటికంటే ఎక్కువగా గిన్నెని నమ్ముకుంది. మునుపు వేళ్ళు తడుపుకుని ఊరుకునేది, ఇప్పుడు దోసిట్లో పోసుకుని వాచిన పొదుగులకి మర్దనా మొదలుపెట్టింది. "పెద్దక్క పాలు తగిలితే సర్దుకుంటుందే, చూస్తూండు," అనేది నాతో. నేనేం చేశాను? పక్కన నిలబడి గిన్నె అందించాను.

డాక్టరమ్మని పిలిపించింది నేనే. పశువుల ఆసుపత్రికి కొత్తగా వచ్చిన అమ్మాయి. సన్నగా, గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. అత్తయ్య చూసీ చూడగానే ఆ అమ్మాయికి సూదిపిల్ల అని పేరు పెట్టేసింది.

సూదిపిల్ల సంచిలోంచి నాలుగు గుంటలున్న తెల్లటి పళ్ళెం తీసింది. ఒక్కో చన్ను నుంచి ఒక్కో గుంటలో కాసిని పాలు పిండించి, ఊదారంగు మందు నీళ్ళు పోసి పళ్ళెం చుట్టూ తిప్పింది. పాలు బాగుంటే నీళ్ళలాగే కదులుతాయట. చుక్క పాలు జిగురులా ముద్దకట్టాయి. కోపిష్టిదానివీ అంతే. పైకి బాగున్న రెండింటి పాలు కూడా ఒకటో రెండో గుంటల్లో చిక్కబడ్డాయి. 

"ఆ నల్లావుది కూడా చూద్దాం," అంది డాక్టరమ్మ.

"దానికేం? దానికేమీ లేదు," అని అత్తయ్య అడ్డంగా నిలబడింది. "నీ నీళ్ళు చాల్లే. దాని పాలు నేను రోజూ చూస్తున్నాను."

"చూస్తే పోయేదేముంది పెద్దమ్మా? బాగుంటే మీదే గెలుపు."

గెలుపు అనేసరికి అత్తయ్య పక్కకి జరిగింది. పెద్దక్క పాలు తెల్లగా, చిక్కగా, చూడటానికి ఏ వంకా లేకుండా ఉన్నాయి. మందు పడగానే వెనక రెండు గుంటల్లో పాలు పళ్ళేనికి అతుక్కుపోయాయి. డాక్టరమ్మ పళ్ళెం వంచి చూపించింది. అవి జారలేదు.

ఆ అమ్మాయి తొందరపడలేదు. సాయంత్రం పాలు పిండేదాకా ఉండి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, మేం చేసేదంతా చూసింది. ముందు పెద్దక్క. తర్వాత గిన్నె. తర్వాత చుక్క. డాక్టరమ్మ మొహంలో రంగు మారడం నేను చూశాను.

"పెద్దమ్మా, ఆ గిన్నె ఎందుకు?"

అత్తయ్య గొప్పగా అంతా చెప్పింది. వరస గురించి చెప్పింది, తడి చెయ్యి గురించి చెప్పింది, పెద్దక్క పాడి గురించి చెప్పింది. అడిగినవాళ్ళు లేక ఇన్నాళ్ళూ చెప్పలేదు గానీ, ఆవిడకి ఆ విద్య ఎవరికైనా చెప్పాలని ఉన్నట్టుంది. డాక్టరమ్మ మధ్యలో అడ్డం రాలేదు. అంతా విన్నాక లేచి వచ్చి, అత్తయ్య పక్కన గొంతుక్కూర్చుంది.

"పొదుగువాపుకి కంటికి కనబడని పురుగు ఉంటుంది పెద్దమ్మా. అది కొన్ని ఆవుల్ని పడగొడుతుంది. కొన్నిటిలో చప్పుడు చెయ్యకుండా ఏళ్ళ తరబడి కాపరం పెడుతుంది. మీ పెద్దక్కలో అలా ఉంది. దానికేమీ కాలేదు. కానీ దాని పాలల్లో ఉన్నది మీ వేళ్ళమీద, ఆ గిన్నెలో, తుడిచే గుడ్డలో అన్నిటికీ వెళ్ళింది."

"నా చేతుల్తో నేనే విషం పూశానంటావా?"

"విషం అనట్లేదు పెద్దమ్మా." ఆ అమ్మాయి అత్తయ్య అరచెయ్యి తిప్పి చూసింది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి చీలికలు పడి ఉంది. "ఈ పగుళ్ళలో కూడా చేరుతుంది. సబ్బుతో కడిగినా మొత్తం పోదు. మందిస్తాను, రాసుకోండి. ఇవి మానేదాకా మీరు పిండకండి. పెద్దక్క పాలు అన్నిటికంటే చివర పిండి, దూరంగా పారబొయ్యండి."

అత్తయ్య చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నువ్వు పుట్టకముందు నుంచీ పిండుతున్నాను నేను! ఈ చేతులు పడితే వట్టిపోయిన ఆవు కూడా చేపింది. అడుగు, ఎవర్నైనా అడుగు!"

డాక్టరమ్మ వెళ్ళాక అత్తయ్య ఒంటికాలి మీద లేచింది. సూదిపిల్లకి పాలు పిండటం వచ్చా అంది, చదువుకున్న పిల్లలకి పేడ వాసన పడదంది, ఆ ఊదా నీళ్ళు ఏ పాలలో పోసినా విరుగుతాయంది. నేనూ ఊరుకోలేదు. "మరి ఆ నీళ్ళు ముందు రెండు గుంటల్లో ఎందుకు విరగలేదత్తయ్యా?" అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి అన్నం తినకుండా పడుకుంది. మా ఆయన నా వైపు చూశాడు. ఏళ్ళకేళ్ళు ఎదురుచూసిన గెలుపు దొరికింది నాకు, కానీ ఆవిడ కంచం మీద మూత పెట్టి నేనూ తినకుండానే లేచాను.

వరస తిరగబడింది. ఆరోగ్యంగా ఉన్నవి ముందు, జబ్బువి తర్వాత, అన్నిటికంటే చివర పెద్దక్క. ఒక్కో ఆవుకి ఒక్కో గుడ్డ. పిండే ముందు చేతులు కడగాలి, పిండాక చన్నుల్ని మందులో ముంచాలి. నేనూ మా ఆయనా పిండేవాళ్ళం. అత్తయ్య చేతులకి మందు రాసుకుని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చునేది. పెద్దక్క మాత్రం నాకు చేపలేదు. నిమిరాను, బతిమాలాను, ఆ కూనిరాగం కూడా తీశాను. అది తల తిప్పి నన్ను చూసిన చూపు అచ్చం అత్తయ్య చూపే. పాలు పొదుగులో ఉండిపోతే ఇంకా ముప్పని, దాన్ని మాత్రం అత్తయ్య పిండటానికి డాక్టరమ్మ ఒప్పుకుంది, మిగతావాటి జోలికి పోకుండా.

బకెట్ల చప్పుడు వినగానే పెద్దక్క అలవాటు ప్రకారం అరిచేది. దాని మొహంలోకి చూడలేక నేను పని చేసుకుంటూ ఉండేదాన్ని. "ఆగవే, ఆగు. మన వంతు వస్తుందిలే," అనేది అత్తయ్య కుర్చీలోంచి. వంతు వచ్చేది. అదే కూనిరాగం, అదే శ్రద్ధ, బకెట్ నిండా నురగ. పిండినంతసేపు పట్టేది కాదు పారబోయడానికి. కొట్టం వెనక గుంట దగ్గర ఆవిడే వంచేది. ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. "తెల్లగానే ఉన్నాయి కదే," అనేది ప్రతిసారీ, మట్టిలోకి ఇంకుతున్న పాలని చూస్తూ.

చుక్క కోలుకుంది. కోపిష్టిదానికి ఆ చన్ను ఎండిపోయింది గానీ మిగతా మూడూ దక్కాయి. కొత్తగా ఏ ఆవుకీ రాలేదు. పాలకేంద్రంలో మళ్ళీ మా క్యాన్లు లోపలికి వెళ్ళాయి. అత్తయ్య ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. సూదిపిల్ల వస్తే మాత్రం మునుపటిలా మొహం తిప్పుకునేది కాదు.

ఇక మా ఆశంతా చిట్టి మీదే. చిట్టి పెద్దక్క ఆఖరి పెయ్య, తొలిచూలుతో ఉంది. దాన్ని అత్తయ్యే సాకింది. చలికి వణికితే తన దుప్పటి కప్పింది. చూడి నిలిచిందని తెలిసిన రోజున నాతో ఏ గొడవా పెట్టుకోలేదంటే చూసుకోండి. డాక్టరమ్మ దాని పొదుగు చూసి, "ఇది శుభ్రంగా ఉంది అక్కా. దీన్ని కాపాడుకుంటే మీ కొట్టం మళ్ళీ నిలబడుతుంది," అంది నాతో.

అలా ఉండగా మా అమ్మాయికి నెప్పులొచ్చాయని కబురొచ్చింది. అది పక్క పట్నంలో బట్టల దుకాణంలో పనిచేస్తుంది, భర్త పని కూడా అక్కడే. ముగ్గురం వెళ్ళలేం, ఆవుల దగ్గర ఒకరుండాలి. "మీరిద్దరూ వెళ్ళిరండి. మునిమనవడో మనవరాలో, నా దగ్గరికి వాళ్ళే వస్తారు," అంది అత్తయ్య. పూటపూటకీ వచ్చి పాలు పిండమని పక్క కొట్టంవాళ్ళకి చెప్పి వెళ్ళాం, చిట్టి ఈనడానికి ఇంకా వ్యవధి ఉందనుకున్నాం. మగపిల్లాడు పుట్టాడు. చూసి, ఎత్తుకుని, మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాం.

కొట్టం గుమ్మంలోనే అత్తయ్య ఎదురొచ్చింది. జుట్టు రేగిపోయి, బట్టలకి నెత్తురూ మట్టీ అంటి, మొహం వెలిగిపోతోంది.

"చిట్టి ఈనిందే! ఆడదూడ!"

లోపల గడ్డిమీద పచ్చి దూడ లేచి నిలబడాలని తంటాలు పడుతోంది. చిట్టి దాన్ని నాకుతోంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఒక్కరే ఎలా చేశారత్తయ్యా?" అన్నాను.

"నాకు ఒక్కదాన్నే చెయ్యడం కొత్తా? దూడకి ఊపిరాడలేదు. ముక్కులో పుల్ల పెట్టి తుమ్మించాను. నిలబడలేక వాలిపోతోంది, ముర్రుపాలు పడకపోతే దక్కదనుకున్నాను. సూదిపిల్ల చెప్పినట్టే సబ్బుతో చేతులు బాగా కడుక్కున్నానే. కానీ తొలిచూలు కదా, చన్నులు బిగుసుకుపోయాయి. దీనికి భయం, ఎంత నిమిరినా బిగబట్టేసింది. ఒక్క చుక్క రాలితే ఒట్టు."

అప్పుడు చూశాను. చిట్టి వెనక కాలి పక్కన గోడవారగా పెద్దక్క పాలగిన్నె ఉంది.

"అత్తయ్యా..."

"ఊరికే వేళ్ళు తడుపుకున్నానంతే. తల్లి పాలే కదే. తల్లి పాలు తగిలేసరికి ఎలా చేపిందనుకున్నావ్! సీసా నిండింది. దూడ మొత్తం తాగేసింది." ఆవిడ నా మొహం చూసి ఆగింది. "తల్లి పాలే కదా?" అంది మళ్ళీ, ఈసారి నెమ్మదిగా.

నేను బిడ్డ కబురు కూడా చెప్పలేదు. పరుగెత్తి మందు నీళ్ళు తెచ్చి చిట్టి పొదుగు కడిగాను. మా ఆయన డాక్టరమ్మ కోసం బండి తీశాడు.

మర్నాటికి చిట్టికి జ్వరం. పొదుగు పొంగి, తాకితే కాలిపోతోంది. డాక్టరమ్మ పొద్దునా సాయంత్రం వచ్చింది, సూదులు వేసింది, చన్నుల్లోకి మందు ఎక్కించింది. ఇంకో రెండు రోజులకి వేడి తగ్గింది. తగ్గిందని నేను సంతోషపడబోయాను. డాక్టరమ్మ మాత్రం చెయ్యి వేసి చూసి కళ్ళు దించుకుంది. పొదుగు ఒక పక్క నీలంగా మారి, మంచులా చల్లగా ఉంది. ఆ భాగం చచ్చిపోయిందని చెప్పింది. రెండో పక్క కూడా దక్కుతుందన్న ఆశ లేదంది. ప్రాణం నిలబెట్టడానికి చూస్తానంది.

ప్రాణం నిలిచింది. పొదుగు నిలవలేదు. మా కొట్టమంతటిలో అంత అందమైన పొదుగు ఇంకోదానికి లేదు. దూడ పాల కోసం వచ్చి కుమ్మితే, ఆ పిచ్చి తల్లి నొప్పికి వణుకుతూ కూడా కాలు ఎత్తేది కాదు, నిలబడేది. దూడని విడదీసి, చుక్క దగ్గర పిండిన పాలు సీసాతో పట్టాను. విడదీస్తున్నప్పుడు నేను గట్టిగా ఏడ్చాను. నాకేం సిగ్గులేదు చెప్పుకోవడానికి.

అన్నాళ్ళూ అత్తయ్య చిట్టి తల దగ్గరే కూర్చుంది. ఆఖరి సూది వేసి డాక్టరమ్మ సంచి సర్దుకుంటుంటే అడిగింది.

"నా చెయ్యేనా?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, చెప్పొద్దని.

"తొలిచూలు వాటికి ఇంకా చాలా రకాలుగా వస్తుంది పెద్దమ్మా. ఫలానా అని చెప్పలేం. మీరు ముర్రుపాలు తియ్యకపోతే దూడ బతికేది కాదు. అది మాత్రం నిజం."

"అబద్ధం చెప్పడం రాదు నీకు," అంది అత్తయ్య. కోపంగా అనలేదు. "ఆ తెల్లావు, కుంటిది, మనవరాలి పెళ్ళప్పుడు అమ్మేసింది... ఒక్కోటీ ఒక్కో చన్ను ఎండిపోయి వట్టిపోయాయి. ఎండలకి అనుకున్నాను. దిష్టి అనుకున్నాను. నా కోడలి చెయ్యి మొరటనుకున్నాను. అన్నిటికీ నేనే రాశాను కదమ్మా. గిన్నెతో ఇంటింటికీ కూడా వెళ్ళాను కదా. పిలిచిన వాళ్ళందరి ఆవులకీ..."

 డాక్టరమ్మ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజు నుంచి అత్తయ్య కొట్టంలోకి అడుగు పెట్టలేదు. పెద్దక్కని వట్టిపోనివ్వడానికి డాక్టరమ్మ మందు ఎక్కించి, పిండటం మాన్పించింది. అది బకెట్ల చప్పుడుకి అరుస్తూనే ఉండేది. అత్తయ్య ఇంట్లో కిటికీ మూసుకుని కూర్చునేది. కొట్టం మానేస్తే సరిపోయేది, నేను ఎలాగోలా సర్దుకునేదాన్ని. ఆవిడ అంతటితో ఆగలేదు. కూరలు తరగడం మానేసింది. నీళ్ళ బిందెలో చెంబు ముంచేది కాదు, నేను పోసేదాకా దాహంతో కూర్చునేది. అన్నం చెంచాతో తింటానంది. నా నడుం పట్టేస్తే నూనె రాసేది ఎప్పుడూ ఆవిడే, తిడుతూ రాసేది. ఒకరోజు నేను మూలుగుతూ పడుకుంటే, గుమ్మంలో నిలబడి నూనె సీసా నేలమీద పెట్టి వెళ్ళిపోయింది.

నాకు తిక్కరేగింది. "ఇదేం పిచ్చి అత్తయ్యా! అది ఆవుల జబ్బు, అదీ పొదుగులకి. మనుషులకి ఏం కాదు. పగుళ్ళు కూడా మానిపోయాయి, చూసుకోండి! డాక్టరమ్మ చెప్తే వినరు, నేను చెప్తే వినరు. నమ్మమన్నప్పుడు నమ్మకుండా ప్రాణం తీశారు. ఇప్పుడు అక్కర్లేనిది కూడా నమ్మి చంపుతున్నారు!"

ఎంత అరిచినా ఎదురు మాట రాలేదు. "సరేలేవే," అంది. ఈ ఇంటికొచ్చాక ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు. నాకు భయం వేసింది. నన్ను తిట్టండత్తయ్యా, ఏదో ఒకటి అనండి, అని అడగాలనిపించింది. సిగ్గేసి అడగలేకపోయాను. మా ఆయన డాక్టరమ్మని పిలుచుకొచ్చాడు. ఆ అమ్మాయి అత్తయ్య చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకోబోయింది. అత్తయ్య శాలువా కిందికి లాగేసుకుంది. "నువ్వు పది కొట్టాలు తిరిగే పిల్లవి, ముట్టుకోకు తల్లీ," అంది.

పిల్లాడికి మెడ నిలిచాక మా అమ్మాయి తీసుకొచ్చింది. ఈ చేతుల సంగతి దానికి ఫోనులో చెప్పాను గానీ, నాన్నమ్మ సంగతి నాకు తెలీదా, పిల్లాణ్ణి చూస్తే అదే పోతుందిలే అంది. నేనూ అలాగే అనుకున్నాను. పిల్లాడు నిద్ర లేచి మంచి హుషారుగా ఉన్నాడు. అత్తయ్య వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. ఉదయం నుంచీ శుభ్రమైన బట్టలు కట్టుకుని ఎదురుచూస్తోంది.

"నాన్నమ్మా, ఇదిగో వీడే! ఎత్తుకో."

"చూపించు, చూపించు. ఏడీ? అబ్బో, నుదురంతా మా ఆయనదే! ముక్కు మాత్రం మీ అమ్మది, ఏం చేస్తాం," అంది అత్తయ్య. నా ప్రాణం లేచొచ్చింది. నన్ను తిట్టింది, ఇక ఫరవాలేదనుకున్నాను.

"ఎత్తుకో నాన్నమ్మా."

"నువ్వే ఎత్తుకో. నేను చూస్తున్నాగా."

"చూస్తే సరిపోతుందా?" అంటూ మా అమ్మాయి పిల్లాణ్ణి ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టి వదిలేసింది.

అత్తయ్య రెండు చేతులూ పైకెత్తేసింది. భుజాల పైదాకా ఎత్తి, వేళ్ళు విడదీసి, గాల్లో అలాగే ఉంచింది. పిల్లాడు ఒళ్ళో ఊగుతూ ఆవిడ మొహంలోకి చూసి నవ్వాడు. ఆవిడా నవ్వింది. మోకాళ్ళు దగ్గరికి చేర్చి వాణ్ణి పడకుండా ఆపాలని చూసింది. చేతులు మాత్రం దించలేదు. పిల్లాడు ఒక పక్కకి ఒరగడం మొదలుపెట్టాడు.

"తీసుకోవే, జారిపోతున్నాడు! తీసుకో!" ఆవిడ గొంతు పూర్తిగా మారిపోయింది. "అమ్మాయ్! పడిపోతాడే, పట్టుకో!"

మా అమ్మాయి బిత్తరపోయి నిలబడిపోయింది. నేనే వెళ్ళి కుర్చీ ముందు నేలమీద మోకాళ్ళు ఆనించి పిల్లాణ్ణి పట్టుకున్నాను. ఎత్తుకుపోలేదు. ఆవిడ ఒళ్ళోనే కూర్చోబెట్టి, రెండు పక్కలా నా చేతులు అడ్డంపెట్టాను.

"నేను పట్టుకున్నాను అత్తయ్యా. మీరు చేతులు దించండి. ఏం కాదు."

"కడిగినా పోదందే ఆ పిల్ల."

"అప్పుడు. ఇప్పుడు కాదు."

"నీకెలా తెలుసు?"

 నేను పిల్లాణ్ణి ఇంకాస్త ఆవిడ వైపు జరిపాను. ఆవిడ ముందుకి వంగి పిల్లాడి తల మీద మొహం ఆనించింది. వాసన చూసింది, చెంప ఆనించి రాసింది, గొంతులో కూనిరాగం తీసింది. పిల్లాడు కేరింతలు కొట్టాడు. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారి వాడి జుట్టు తడిసింది. తుడవమని నాకు చెప్పింది. నేను ఒక చేత్తో తుడిచాను.

నా మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా అలాగే పట్టుకున్నాను. ఆవిడ చేతులు కుర్చీ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే ఉంది.